అందరికీ వచనాలు పంపుతున్నాను, నేను మాత్రం చదవడం లేదు

ప్రశ్న:

అక్కా, వందనాలు. మాది హైదరాబాద్, ఉప్పల్. నాకు 38 ఏళ్లు. రాయదుర్గంలో అమెరికా ఆసుపత్రుల బిల్లులు, బీమా క్లెయిములు చూసే ఉద్యోగం. ఉదయం ఎనిమిదిన్నరకు మెట్రో ఎక్కితే ఇల్లు చేరేసరికి రాత్రి ఏడున్నర. వారంలో మూడు రోజులు మళ్లీ పదిన్నర దాకా ఇంటి నుంచే కాల్స్. మావారు, పదో తరగతి, నాలుగో తరగతి చదివే ఇద్దరబ్బాయిలు, అత్తయ్యగారు, ఇదీ మా ఇల్లు. ఫ్లాటు వాయిదా, అత్తయ్యగారి మందులు, పిల్లల ఫీజులు అన్నీ మా ఇద్దరి జీతాల మీదే నడుస్తాయి.

చిన్నప్పటి నుంచీ సంఘంలో పెరిగాను. సండే స్కూల్లో పాఠాలు చెప్పాను. ఇప్పుడు స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపు బాధ్యత నాదే. రోజూ ఉదయం ఆరింటికి నాలుగు గ్రూపుల్లో ఆ రోజు వచనం పెడతాను. కానీ దాని ముందూ వెనకా ఏముందో తెరిచి చూసి చాలా కాలమైంది. వంట చేస్తూ ప్రసంగాలు వింటాను, అరగంట తర్వాత ఏం విన్నానో గుర్తుండదు. మోకరిస్తే ఆఫీసు మెయిళ్లే గుర్తొస్తాయి. పెద్దవాడికి ఆదివారం ఉదయం కోచింగ్ పెట్టారు కాబట్టి రెండు నెలలుగా మేమిద్దరం వంతులవారీగా ఆరాధనకు వెళ్తున్నాం.

పోయిన నెల మెదక్ గుడికి వెళ్లాం. అక్కడ కూర్చుంటే ఏడుపు ఆగలేదు. ఇక మారాలి అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు నర్సాపూర్ అడవి దాటకముందే ఫోనులో ఆఫీసు పనిలో పడ్డాను. అత్తయ్యగారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి బిగ్గరగా ప్రార్థన చేస్తారు. అందులో నా పేరు వినిపిస్తుంది. పక్కగదిలో దుప్పటి కప్పుకుని సిగ్గుతో ముడుచుకుపోతాను. ఉద్యోగం మానేస్తే తప్ప దేవునికి మొదటి స్థానం ఇవ్వలేనేమో! ఆయన నాతో విసిగిపోయాడేమో అని కూడా భయంగా ఉంది.

— ఒక సోదరి

సమాధానం:

చెల్లెమ్మా, వందనాలు. ఉద్యోగం మానవద్దు. మీ ఉత్తరమంతా ఆ ఆలోచన వైపే నడిచింది కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

ఇంటి భారం మోయడమే దేవునికి దూరమవడం అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మాటకు వాక్యంలో ఆధారం లేదు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్ల ఇంట్లో ఉండి వారితో కలిసి డేరాలు కుట్టాడు. ఫిలిప్పీలో పౌలు మాటలకు హృదయం తెరిచిన లూదియ ఊదారంగు సరుకు అమ్ముకునే మనిషి. ఆమె వ్యాపారం కట్టిపెట్టిందని అపొస్తలుల కార్యాల్లో ఎక్కడా లేదు. చెరసాల నుంచి విడుదలై వచ్చిన పౌలు, సీలలు నేరుగా ఆమె ఇంటికే వెళ్లి సహోదరులను చూశారు. ఇక దానియేలు. 120 మంది అధిపతుల మీద నియమించిన ముగ్గురు ప్రధానుల్లో ఒకడు. అంతటి రాచకార్యాల మధ్య ఉన్న మనిషి రోజుకు మూడుసార్లు మోకాళ్లూనేవాడు. ప్రార్థన చేస్తే సింహాల గుహే అని శాసనం వచ్చిన రోజు కూడా ఇంటికి వెళ్లి ‘యథాప్రకారముగా’ ప్రార్థన చేశాడని 6వ అధ్యాయం చెబుతోంది. అతని పదవిని దేవుడు తప్పుపట్టలేదు, తీసివేయలేదు.

మెదక్‌లో మీకు వచ్చిన ఏడుపును కూడా తేలిగ్గా తీసుకోకండి. నర్సాపూర్ దాటకముందే ఫోను చూసినంత మాత్రాన ఆ కన్నీళ్లు అబద్ధం కావు. అయితే మీరు ఏ గుడిలో కూర్చుని ఏడ్చారో ఒకసారి గుర్తుచేసుకోండి. మిషనరీ పోస్నెట్ గారి కాలంలో, కరువు రోజుల్లో, తిండి గింజల కోసం పనికి వచ్చిన జనం రాళ్లు మోసి కట్టిన గుడి అది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. ఆ కూలీల కళ్ల ముందు ఆ పూట పిల్లలకు పెట్టాల్సిన గంజే ఉండి ఉంటుంది. వాళ్ల చెమటతో లేచిన గోడల మధ్య కూర్చుని, నా పనే నన్ను దేవుని నుంచి దూరం చేస్తోందని మీరు బాధపడ్డారు. నాకు అలా అనిపించడం లేదు. మిమ్మల్ని దూరం చేస్తున్నవి మీ ఉత్తరంలోనే ఉన్నాయి. కానీ వాటిని మీరు కష్టాల కింద రాయలేదు, మాటవరసకు రాశారు. ఒకటి ఉదయం ఆరింటి వచనాలు, రెండోది ఆదివారం కోచింగ్.

వాటి దగ్గరికి వచ్చే ముందు మార్త గురించి కొంచెం మాట్లాడుకుందాం. మన సంఘాల్లో లూకా 10వ అధ్యాయం మీద ప్రసంగం వచ్చినప్పుడల్లా తలలు వంచుకునేది వంటిల్లు చూసుకునే ఆడవాళ్లే. ఆరాధన అయ్యాక నలభై మందికి భోజనాలు వడ్డించే సోదరీమణులను కూర్చోబెట్టి, మీరంతా మార్తలు అని గద్దించడం నేను విన్నాను. విన్న ప్రతిసారీ మనసు నొచ్చుకుంది. ఆ భాగాన్ని నెమ్మదిగా చదవండి. ప్రభువు ఇంటికి వచ్చినప్పుడు సహోదరి మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటోంది, మార్త ఒక్కతే పనుల్లో మునిగి ఉంది. ప్రభువు ఆమెను వంటింట్లోంచి బయటికి రమ్మనలేదు. ‘నీవనేకమైన పనులనుగూర్చి విచారము కలిగి తొందరపడుచున్నావు’ అన్నాడు. అంతకు ముందు ఆమె ఏమందో చూశారా? ‘నీకు చింతలేదా?’ అని ఆయననే నిలదీసింది. వచ్చిన అతిథి కోసమే వండుతూ, ఆ అతిథి మీదే విసుక్కునే స్థితికి వచ్చింది. పని ఎక్కువై అలసిపోయిన ఏ ఇల్లాలికైనా ఆ విసుగు తెలుసు.

కథ అక్కడితో ఆగిపోతే, పాపం, మార్త మనకు ఒక హెచ్చరికగానే మిగిలేది. కానీ యోహాను సువార్త తెరవండి. 11వ అధ్యాయంలో, తమ్ముడు చనిపోయి నాలుగు రోజులైన ఇంట్లోంచి ప్రభువుకు ఎదురు వెళ్లింది మార్తే. నీవు దేవుని కుమారుడవైన క్రీస్తువని నమ్ముతున్నాను అని ఆ దుఃఖంలో నిలబడి చెప్పింది. ప్రభువును క్రీస్తని ఒప్పుకుంటూ పేతురు చెప్పిన సాక్ష్యానికి అది ఏమాత్రం తీసిపోదు. 12వ అధ్యాయంలో పస్కాకు ఆరు రోజుల ముందు అదే బేతనియలో ఆయనకు విందు చేశారు. అక్కడ ఒక చిన్న వాక్యం ఉంది: ‘మార్త ఉపచారము చేసెను.’ అదే మనిషి, అదే వడ్డన. ఈసారి ఫిర్యాదు లేదు, ప్రభువు నుంచి మందలింపూ లేదు. మరియ అత్తరు పోస్తుంటే తప్పుపట్టినవాడు ఇస్కరియోతు యూదా. మార్త నోరు విప్పలేదు. ఆయన ఎవరో ఆమెకు తెలిసింది, పని మాత్రం అలాగే ఉంది. మీ విషయంలో నేను కోరుకునేది ఇదే. మీ రోజులోంచి పనులు తీసేయడం మీ చేతుల్లో లేదు, నా చేతుల్లోనూ లేదు. ఆ పనుల మధ్య ఎవరి మాట ముందు వింటున్నారు, నిర్ణయాలు ఎవరిని అడిగి తీసుకుంటున్నారు, మొదటి స్థానం అంటే నాకు అర్థమైనంతవరకు అంతే.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ప్రభువు కపెర్నహూములో గడిపిన ఒక రోజు ఉంది. పగలు సమాజమందిరంలో బోధ, సాయంత్రం పొద్దు గుంకాక ఊరు ఊరంతా వాకిట్లో. రోగులను బాగుచేస్తూ ఎంత రాత్రయిందో తెలియదు. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేసుకున్నాడు. సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి ‘అందరు నిన్ను వెదకుచున్నారు’ అన్నారు. ఈ కాలంలో మనకు ఉదయాన్నే ఫోను చెప్పే మాట కూడా ఇదే. మనమైతే వెంటనే పరుగెత్తుతాం, అంతమంది వెతుకుతున్నారు కదా! ఆయన మాత్రం ఇతర గ్రామాలకు వెళ్దాం పదండి అన్నాడు. వెతుకుతున్నవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు, వాళ్ల అవసరాలు నిజమైనవి. అయినా ఆ రోజు ఎటు వెళ్లాలో ఆయన జనాన్ని అడగలేదు, తండ్రిని అడిగాడు. ప్రార్థన ఆయనకు ప్రశాంతత కోసం చేసుకునే అలవాటు అని మాత్రమే అనుకుంటే ఈ సంగతి మన దృష్టికి రాదు. ఆ రోజు దేనికి సరే అనాలో, దేనికి వద్దనాలో అక్కడే తేలింది. మన ఊళ్లో గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను మందిరంలో సేవచేసి 2000 సెప్టెంబరులో ప్రభువు దగ్గరికి వెళ్లిన భక్త సింగ్ గారు ఇంజనీరింగ్ చదివినవారు. ఆయన విశ్వాసులకు ముఖ్యంగా నేర్పినది ఇదే, చిన్న సంగతైనా మోకాళ్ల మీద దేవుని చిత్తం తెలుసుకున్నాకే అడుగు వేయాలని. మీ అత్తయ్యగారి తరం వాళ్లను అడిగితే ఇంకా చెబుతారు.

ఇప్పుడు ఉదయం ఆరు గంటల సంగతి. ఏం జరుగుతోందో ఊహించగలను. లేవగానే ఫోను చేతిలోకి వస్తుంది. ఎవరో పంపిన బొమ్మ, కొండల వెనుక సూర్యుడు, కింద ఒక వాగ్దానం. దాన్ని నాలుగు గ్రూపుల్లో పెడతారు. ఆమెన్‌లు, చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. ఒకరిద్దరు ప్రార్థన మనవి రాస్తారు, తప్పకుండా ప్రార్థిస్తాం అని జవాబిస్తారు. అంతలో ఆఫీసు మెసేజీ, దాని కింద అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకరు గురించి తగువు. తల ఎత్తి చూస్తే ఆరున్నర. కుక్కర్ ఎక్కించాలి. ఆ అరగంటలో దేవుని మాట మీ వేళ్ల కింద నుంచి నాలుగు చోట్లకు వెళ్లింది, మీ లోపలికి మాత్రం రాలేదు. పైగా ఈ పూట దేవుని పని చేశాను అన్న తృప్తి మిగులుతుంది. ఆ తృప్తే ప్రమాదం. ఆకలి తెలియకుండా చేస్తుంది.

ఎఫెసు సంఘానికి ప్రభువు చెప్పిన మాట ప్రకటన గ్రంథం 2వ అధ్యాయంలో ఉంది. వాళ్ల క్రియలు, కష్టం, సహనం అన్నిటినీ ఆయనే మెచ్చుకున్నాడు. ఆ వెంటనే ‘మొదట నీకుండిన ప్రేమను నీవు వదలితివి’ అన్నాడు. పరిచర్య నిండుగా నడుస్తూనే ప్రేమ చల్లారిపోవచ్చు. బయటివాళ్లకు తెలియదు. మీకు తెలిసింది, అందుకే ఉత్తరం రాశారు.

ఈ ఆదివారమే స్త్రీల సమాజంలో ఇంకొకరికి ఆ గ్రూపు బాధ్యత అప్పగించండి. ఎందుకు అని అడుగుతారు. నేను మళ్లీ చదవడం మొదలుపెట్టాలి అని ఉన్నమాట చెప్పండి. మీ అమ్మగారు, అంటే పాస్టర్ గారి భార్య, అర్థం చేసుకుంటారనే నా నమ్మకం. ఆ మాట విని మీలాంటివాళ్లు ఇంకో ఇద్దరు తమ సంగతి బయటపెట్టినా నేను ఆశ్చర్యపోను. వంట చేస్తూ వినే ప్రసంగాలు వినండి, అందులో తప్పులేదు. వాక్యం దగ్గర కూర్చోవడానికి బదులుగా మాత్రం వాటిని లెక్కలో వేసుకోకండి.

మరి ఎప్పుడు కూర్చోవాలి? మీ రోజు చూస్తే మెట్రోలోనే అని నాకు తోస్తోంది. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా దాదాపు గంట ప్రయాణం. నాగోల్ తర్వాతి స్టేషనే మీది, ఒక్కోసారి సీటు కూడా దొరుకుతుంది. ఆ గంటలో అమీర్‌పేట వచ్చేదాకా మీది అనుకోండి. ఫోను బ్యాగు అడుగున పెట్టండి. కీర్తనల గ్రంథం కలిసిన చిన్న కొత్త నిబంధన ఒకటి కొనుక్కోండి. అబిడ్స్‌లోనో సికింద్రాబాదులోనో క్రైస్తవ పుస్తకాల దుకాణంలో దొరుకుతుంది. ఫోనులో బైబిలు చదవడం పాపమేమీ కాదు. కానీ మీ ఆఫీసు, అపార్ట్‌మెంటు, నాలుగు గ్రూపులు, అన్నీ ఉన్నది అందులోనే. దానిలోనే ధ్యానం చేయాలంటే ప్రతి నిమిషం పోరాటం. అచ్చు పుస్తకంలో వచనం పైనుంచి మెసేజీలు జారిపడవు.

119వ కీర్తనతో మొదలుపెట్టండి. బైబిల్లో అన్నిటికంటే పొడవైన అధ్యాయం, 176 వచనాలు. పొడవు చూసి భయపడకండి. అది హీబ్రూ అక్షరాల వరుసలో 22 భాగాలుగా ఉంది, ఒక్కో భాగానికి ఎనిమిదే వచనాలు. మన తెలుగు బైబిల్లో ఆలెఫ్, బేత్, గీమెల్ అని శీర్షికలు కనిపిస్తాయి, అవే. మీరు ఆఫీసుకు వెళ్లే రోజులు కూడా నెలకు ఇంచుమించు అన్నే. రోజుకు ఒక భాగం. తార్నాక దాటేలోపు రెండుసార్లు చదివేయవచ్చు. ఎనిమిదింటిలో మీ మనసు పట్టుకున్నది ఒక్కటి ఎంచుకోండి. అమీర్‌పేటలో జనం ఎక్కి పుస్తకం తెరవడానికి వీల్లేకపోయాక, కళ్లు మూసుకుని దాన్నే ప్రార్థనగా మార్చుకోండి. నోటితో చెప్పనక్కర్లేదు, నిలబడి పైకమ్మీ పట్టుకునే చేయవచ్చు. ఐదో రోజున ‘హే’ అనే భాగం వస్తుంది. అందులో 37వ వచనం: ‘వ్యర్థమైనవాటిని చూడకుండ నా కన్నులు త్రిప్పివేయుము.’ దాని పైనే, లోభం తట్టుకు పోకుండా నా హృదయాన్ని నీ శాసనాల తట్టు తిప్పు అన్న మనవి ఉంది. కన్నూ మనసూ రెండూ తనంతట తాను తిప్పుకోలేనని, దేవుడే తిప్పాలని ఆ భక్తుడు అడుగుతున్నాడు. బోగీ నిండా అందరూ తలలు వంచి ఫోన్లు చూస్తున్నప్పుడు మీరు ఆ వచనం చదువుతారు. అంతకంటే సరైన చోటు దానికి నాకు తోచదు.

ఆఫీసు గురించి కూడా ఒక సంగతి చెప్తాను. మీ ముందుకు వచ్చే ప్రతి బిల్లు వెనుక ఒక రోగి ఉన్నాడు. ఎవరికో గుండె ఆపరేషన్, ఎవరికో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ. మీకు అవి కోడ్‌లు, అంకెలు. రోజుకు ఒక్క ఫైలు దగ్గర ఆగి, ప్రభువా, ఈ మనిషిని జ్ఞాపకం చేసుకో అని లోపలే అనండి. నెహెమ్యా ఒకసారి పారసీక రాజు ముందు నిలబడి ఉన్నాడు, రాజు ఏం కావాలని అడిగాడు, అతను జవాబిచ్చే లోపల పరలోకపు దేవునికి ప్రార్థన చేశాడు. ఎంతసేపు చేసి ఉంటాడు? రాజు చేతికి గిన్నె అందించే మనిషికి అక్కడ మోకరించే వీలు లేదు. ఆ ప్రార్థనను దేవుడు విన్నాడు, యెరూషలేము గోడలు లేచాయి. రాత్రి కాల్ మొదలయ్యే ముందు మీకూ అంతే సమయం దొరుకుతుంది. అది చాలు.

ఇక ఆదివారం. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను. రెండు నెలలుగా మీరు, మీవారు ఒక్క బెంచీలో కూర్చోలేదు. పెద్దబ్బాయి ఆరాధనకే రావడం లేదు. ఇది మీరు సర్దుబాటు అనుకుంటున్నారు, వాడు మాత్రం పాఠంగా నేర్చుకుంటున్నాడు. వాన వచ్చినా, చుట్టాలు వచ్చినా కోచింగ్ మానకూడదని, ఆరాధన మాత్రం ఎప్పుడైనా మానవచ్చని వాడికి ఎవరూ నోటితో చెప్పలేదు. అమ్మానాన్నలను చూసి గ్రహించాడు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలు పిల్లలతో మాట్లాడమని ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం అంటుంది. పదో తరగతి పిల్లవాడు మీ ఇంట్లో ఇంకా ఎన్నేళ్లుంటాడు? ఇంటర్ అంటారు, హాస్టల్ అంటారు, ఆ తర్వాత ఇంకో ఊరు. వాడితో కలిసి ఆరాధనలో కూర్చోగల ఆదివారాలు మీరు అనుకునేంత ఎక్కువ లేవు.

కోచింగ్ వాళ్లను వేరే బ్యాచ్ అడగండి, శనివారం సాయంత్రమో, ఆదివారం మధ్యాహ్నమో. కుదరదంటే మాన్పించండి. కట్టిన ఫీజు తిరిగి రాకపోయినా మాన్పించండి. లెక్కల్లో వెనకబడతాడనుకుంటే వారంలో ఇంటి దగ్గర చెప్పే మాస్టారు ఉప్పల్‌లో దొరక్కపోరు. అయితే ఒక జాగ్రత్త. రేపటి నుంచి కోచింగ్ లేదు అని హుకుం జారీ చేయకండి. ముందు మీరిద్దరూ మాట్లాడుకుని ఒక మాట మీదికి రండి. తర్వాత వాడిని కూర్చోబెట్టి, మేం దేవుని స్థానంలో నీ ర్యాంకును పెట్టాం, అది సరిచేసుకుంటున్నాం అని చెప్పండి. వాడు కోప్పడవచ్చు, స్నేహితులంతా అక్కడే ఉన్నారంటాడు. వినండి. మాట మాత్రం మార్చకండి. ఎప్పుడో ఏడాదిలో ఒక పరీక్ష ఆదివారం పడితే పంపండి, దాని గురించి మథనపడవద్దు. విశ్రాంతిదినం మనుష్యుల కోసమే అని ప్రభువే చెప్పాడు. ప్రతి వారమూ ఆరాధన వేళను అమ్ముకోవడం వేరు.

విత్తువాని ఉపమానంలో ముళ్లలో పడిన విత్తనాన్ని గమనించారా? రాతినేల మీద పడినది ఎండిపోయింది. ముళ్లలో పడినది మొలిచింది, పెరిగింది కూడా, పంట మాత్రం ఇవ్వలేదు. ఆ ముళ్లు ఏమిటో ప్రభువే విప్పి చెప్పాడు, ఐహిక విచారాలు, ధనమోసం, ఇతరమైన అపేక్షలు. పిల్లల భవిష్యత్తు, ఫ్లాటు, మంచి ర్యాంకు, ఇందులో ఏదీ చెడ్డ కోరిక కాదు. అందుకే వాటిని పీకడానికి చేతులు రావు. మీరూ, మీవారూ ఒక రాత్రి కూర్చుని, వచ్చే రెండేళ్లలో ఇంకేమేం కొనాలనుకుంటున్నారో రాసుకోండి. ఒక్కొక్కదాని మీద చెయ్యి పెట్టి, ప్రభువా, ఇది కావాలా అని అడగండి. కొన్ని ఆ రాత్రే కొట్టేస్తారు.

మీవారి గురించి మీరు ఎక్కువ రాయలేదు. ఆయన్ని సతాయించవద్దు అని మాత్రం చెప్తాను. కాల్స్ లేని నాలుగు రాత్రులు తొమ్మిదింటికి పది నిమిషాలు కుటుంబ ప్రార్థన పెట్టుకోండి. ఫోన్లన్నీ వేరే గదిలో. చిన్నవాడు నాలుగు వచనాలు చదవాలి, తడబడినా వాడే చదవాలి. మీవారు రెండు మాటలు ప్రార్థించి ముగించాలి. ప్రసంగాలు వద్దు, ఆ రోజు పిల్లలు చేసిన తప్పుల చిట్టా ప్రార్థనలో విప్పవద్దు. మన ఇళ్లలో కుటుంబ ప్రార్థన అంటే పిల్లలు పారిపోయేది అందుకే.

ఆ ప్రార్థనకు మొదటిరోజు అత్తయ్యగారిని నడిపించమనండి. చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదువుకున్నది ఆమె గురించి రాసిన ఆ రెండు మూడు వాక్యాలే. తెల్లవారుజామున నాలుగింటికి ఒక పెద్దావిడ మీ పేరు పట్టుకుని దేవుణ్ణి అడుగుతోంది. మీరు దుప్పటి కప్పుకుని సిగ్గుపడుతున్నారు. ఎందుకు సిగ్గు? ఆమె మీ మీద ఫిర్యాదు చేస్తోందనుకుంటున్నారా? అయితే ఒకసారి అడగండి, అత్తయ్యా, నా గురించి ఏమని ప్రార్థిస్తున్నారని. మెట్రోలో క్షేమంగా వెళ్లి రావాలనో, మీ నడుము నొప్పి తగ్గాలనో అడుగుతూ ఉండవచ్చు. తిమోతిలో ఉన్న విశ్వాసం ముందు అతని అవ్వ లోయిలో, తర్వాత తల్లి యునీకేలో ఉందని పౌలు రాశాడు. మీ పిల్లలకు ఆ అవ్వ ఇంట్లోనే ఉంది. కాల్స్ లేని రాత్రి తర్వాత మెలకువ వస్తే, లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చోండి. మాట్లాడనక్కర్లేదు, ఆమె ప్రార్థనకు ఆమెన్ అంటే చాలు. ప్రార్థన రాని రోజుల్లో ఇంకొకరి ప్రార్థనలో కూర్చోవడం కూడా ప్రార్థనే.

కానీ పదిన్నర దాకా కాల్‌లో ఉన్న రాత్రి తర్వాత నాలుగింటికి లేవాలని పట్టుబట్టకండి. నిద్రపోండి. ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద చావు కోరుకుని పడుకున్నప్పుడు దేవదూత తెచ్చింది గద్దింపు కాదు, రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, మళ్లీ తినమన్నాడు. హోరేబు పర్వతం మీద మాట వినిపించింది ఆ తర్వాతే. మీ పరధ్యానంలో కొంత భాగం ఒట్టి నిద్రలేమి అని నా అనుమానం.

దేవుడు విసిగిపోయాడా అని అడిగారు. 119వ కీర్తన చివరికి వచ్చినప్పుడు దీనికి జవాబు మీరే చదువుతారు. 175 వచనాల పాటు నీ వాక్యం నాకు ప్రియం, నీ ఆజ్ఞలు నాకు సంతోషం అని చెప్పిన మనిషి ఆఖరి వచనంలో ఏమంటాడో చూడండి: ‘తప్పిపోయిన గొఱ్ఱెవలె నేను త్రోవ విడిచి తిరిగితిని, నీ సేవకుని వెదకి పట్టుకొనుము.’ వాక్యాన్ని అంతగా ప్రేమించినవాడే తప్పిపోయానని ఒప్పుకున్నాడు, వెతకమని దేవుణ్ణే అడిగాడు. వెతికే కాపరి విసిగిపోయి ఉంటే మీకు మెదక్‌లో ఆ ఏడుపు వచ్చేది కాదు, అత్తయ్యగారికి తెల్లవారుజామున మీ పేరు గుర్తొచ్చేది కాదు, ఈ ఉత్తరం రాయాలని మీకు తోచేదే కాదు.

ఒక్క సంగతి. ఈ 22 రోజుల్లో కొన్ని తప్పిపోతాయి. రైలు కిక్కిరిసిపోతుంది, చిన్నవాడికి జ్వరం వస్తుంది, ఆఫీసు వాళ్లు ఉదయమే ఫోను చేస్తారు. అలా ఒక రోజు పోతే మర్నాడు రెండు భాగాలు చదివి అప్పు తీర్చాలని చూడకండి. ఆగినచోట నుంచి ఆ రోజు ఎనిమిది వచనాలే చదవండి. నెలకు బదులు నెలన్నర పట్టినా ఫర్వాలేదు. అది అయ్యాక మార్కు సువార్త మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. ఈలోగా కోచింగ్ సంగతి ఏమైందో నాకు రాయండి. మీ ఇంటివారందరి కోసం ప్రార్థిస్తున్నాను.